తీరిక యెవరిది?

"తీరిక లేదు" అను మాట మన నాట నేడొక బిరుదముగా మారినది. ఇద్దరు మిత్రులు త్రోవలో కలిసికొన్నచో, కుశలప్రశ్నకు బదులుగా మొదట వినవచ్చునది ఆ మాటయే. ఉద్యోగికి తీరిక లేదు. వర్తకునకు తీరిక లేదు. పదవ తరగతి చదువు పిల్లవానికి తీరిక లేదు. ఉద్యోగము విరమించి వీధి యరుగుమీద కూర్చుండు పెద్దమనిషికి సైతము తీరిక లేదు. తీరిక కలదని చెప్పినచో ఎదుటివారు మనలను పనికిమాలినవారినిగా నెంచుదురేమో యను భయము కాబోలు! అయితే ఈ బిరుదమును ధరింపని వర్గ మొకటి మన యిండ్లలోనే యున్నది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, రాత్రి పదునొకండు గంటలకు వంటయింటి దీప మార్పువారు సాధారణముగా ఆ మాట యనరు. అనినను వినువారు తక్కువ.

పనులను క్రమపరచుకొనుట యెట్లో నాకు తెలిసినంతవరకు ఇచట వ్రాయదలచితిని. కాని ఒకరి పనుల క్రమము మరియొకరి తీరికను తినివేసి నిలుచుచున్నదా యను ప్రశ్నను విడిచిపెట్టినచో, ఆ విషయము సగమే చెప్పినట్లగును. అందుచే రెండింటిని కలిపియే చెప్పెదను.

నేను ఉన్నత పాఠశాలలో ఆంగ్లోపాధ్యాయుడను. సంస్కృతమును మా తండ్రిగారి వద్దను, ఆంగ్లమును కళాశాలలోను నేర్చుకొంటిని. ఉపాధ్యాయుని పనియనగా ఉదయము పోయి సాయంకాలమునకు వచ్చుటయే కదా యని తలచువారు నేటికిని కలరు. 2010 ఏప్రిలు 1వ తేదినుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము, ఎనిమిదవ తరగతి వరకు బోధించు ఉపాధ్యాయునకు వారమునకు కనీసము 45 గంటల పనిని నిర్ణయించినది. పాఠము చెప్పుటయే కాక పాఠమునకు సిద్ధపడుటయు అందులో చేరియున్నది. జనాభా లెక్కలు, విపత్తు సమయమున సహాయము, ఎన్నికలు అను మూడు తప్ప విద్యేతరమైన పనులకు ఉపాధ్యాయుని నియోగింపరాదని ఆ చట్టములోని 27వ సెక్షను చెప్పుచున్నది. ఆ మూడును వచ్చినప్పుడు ఎంత పని వచ్చునో చేసినవారికే తెలియును.

ఒక చిన్న లెక్క చూడుడు. నాకు మూడు తరగతులు. తరగతికి నలుబదిమంది పిల్లలు. వారి వ్రాతపుస్తకములు 120. ఒక్కొక్క పుస్తకమునకు మూడు నిమిషములు మాత్రమే వెచ్చించినను 360 నిమిషములు, అనగా ఆరు గంటలు. వీనిని ఆదివారమున కుంచుకొన్నవానికి ఆదివారము లేదు. దినమునకు ఇరువది చొప్పున దిద్దినవానికి, ఆరు దినములలో దినమున కొక గంటతో అదే పని ముగియును. పని తగ్గలేదు; దాని ఆకారము మారినది. మొదటి పద్ధతిలో అది కొండ. రెండవ పద్ధతిలో మెట్లు.

ఇట్టి లెక్కలు మనస్సులో నిలువవు. కావున నేనొక పద్దుపుస్తకమును పెట్టుకొంటిని. అందులో విశేష మేమియు లేదు. పిల్లలు కొనుక్కొను రూళ్ల పుస్తకమే. ప్రతిరాత్రియు మరునాటి పనులను ఒక్కచోటనే వ్రాయుదును. గోడకు తగిలించిన పంచాంగము మీద కొన్ని, చేతిఫోనులో కొన్ని, చొక్కాజేబులోని చీటీమీద కొన్ని వ్రాసికొన్నవాడు, పనిని చేయుటకు ముందు పనిని వెదకుటకే సగము ఓపికను పోగొట్టుకొనును. ప్రతి పనికి ఎదురుగా అది యెంతసేపు పట్టునో వేయుదును. క్రింద మొత్తము కట్టుదును.

ఈ మొత్తము కట్టుటయే అన్నిటికంటె ముఖ్యము. పనుల పట్టీని వ్రాయువారు పెక్కుమంది. మొత్తము కట్టువారు తక్కువ. బడి గంటలు పోగా నా చేతిలో మిగులునది మూడున్నర గంటలు. రేపటికై వ్రాసిన తొమ్మిది పనుల మొత్తము ఏడు గంటలైనచో, అది నా సోమరితనము కాదు, నా అసమర్థతయు కాదు, కూడికమాత్రమే. మూడున్నర మానికల కుండలో ఏడు మానికల నీరు పట్టదు. అప్పుడు మనుష్యుడు చేయదగినవి నాలుగు: కొన్నిటిని మరియొక దినమునకు మార్చుట, కొన్నిటిని మానుట, కొన్నిటిని మరియొకరి కప్పగించుట, కొన్నిటిని "నావలన కాదు" అని ముందుగానే చెప్పుట. ఈ కడపటిది మనవారికి మిక్కిలి కష్టము. సరే యని తలయూచి, గడువు దాటిన పిదప మొగము చాటువేయుట మర్యాద యనుకొందురు. చేయలేనిదానిని ముందే చెప్పుట అంతకంటె పెద్ద మర్యాద.

మొత్తము కట్టునప్పుడు ఒక గంటను ఏ పనికిని ఈయక విడిచిపెట్టవలెను. ఏలయన, పట్టీలో లేని పని ప్రతిదినమును వచ్చును. పిల్లవానికి జ్వరము వచ్చును. పై కార్యాలయమునుండి సాయంకాలము అయిదు గంటలకు, ఆరు గంటలలోపల పంపవలసిన లెక్క యొకటి వాట్సాపులో దిగును. ఖాళీ గంట లేని కాలపట్టిక గాలి చొరని గదివంటిది. చూచుటకు బిగువుగానే యుండును, అందులో బ్రతుకుట కష్టము.

ఇంతవరకు చెప్పినది నా యొక్కని సంగతి. ఇట్టి సంగతులను పెద్దలు నాకంటె బాగుగా చెప్పియున్నారు. నాకు తెలిసిన రెండు భాషలలోను దినచర్యలను గూర్చి వ్రాసిన గ్రంథములు మూడింటిని మరల తిరుగవేసితిని. మూడును గొప్పవే. మూడింటిలోను నా దృష్టి నిలిచినచోటు మాత్రము అంతకుముందు నేను నిలువనిచోటు.

మొదటిది కౌటిల్యుని అర్థశాస్త్రము. ఎన్నో శతాబ్దములు కనుమరుగై యుండిన ఈ గ్రంథమును మైసూరునందలి ఆర్. శామశాస్త్రిగారు 1909లో ముద్రింపించిరి. అందులో రాజునకు పగలును ఎనిమిది భాగములుగను, రాత్రిని ఎనిమిది భాగములుగను విభజించి చూపినాడు. మన ఘడియలలో చెప్పవలెనన్న ఒక్కొక్క భాగము మూడు ముప్పాతిక ఘడియలు, అనగా గంటన్నర. పగటి మొదటి భాగమున రక్షణ, ఆయవ్యయముల లెక్క. రెండవ భాగమున పౌరుల, జానపదుల మొఱలు. మూడవ భాగమున స్నానము, భోజనము, స్వాధ్యాయము. ఇట్లు సాయంసంధ్య వరకు సాగును. రాత్రి నాలుగవ, అయిదవ భాగములు నిద్రకు. అంతయు చెప్పి, రాజు తన శక్తిని బట్టి ఈ విభాగమును మార్చుకొనవచ్చుననియు ఆ మహానుభావుడే సడలింపు నిచ్చినాడు. రాత్రి చివరి భాగమున రాజు చూడవలసినవారిలో వైద్యుడును, జ్యోతిష్కుడును, వారితోపాటు వంటశాల పెద్దయు ఉన్నారు. వంటశాల పెద్ద ఎన్నిగంటలకు లేచినాడో, అతనికి నిద్ర ఏ భాగమున వచ్చినదో ఆ పట్టికలో లేదు. అది రాజుయొక్క పట్టిక.

రెండవది బెంజమిన్ ఫ్రాంక్లిను ఆత్మకథ. అతడు తనకు కావలసిన సద్గుణములు పదుమూడని యెంచి, ఒక చిన్న పుస్తకమున గడులు గీచి, తప్పినప్పుడెల్ల అందులో చుక్క పెట్టుకొనుచుండెను. ఉదయము అయిదు గంటలకు లేచి ఆనాడు చేయదగిన మేలేదో యోచించుట, రాత్రి పండుకొనుటకు ముందు చేసిన మేలేదో విచారించుకొనుట, పది గంటలకు నిద్ర; ఇది అతని దినచర్య. ఆ పదుమూడింటిలో క్రమమను గుణమే తన్ను మిక్కిలి బాధించినదని అతడే వ్రాసినాడు. అంతటివానికే అట్లయినప్పుడు మనము ధైర్యము తెచ్చుకొనవచ్చును. కాని అదే గ్రంథమున మరియొకచోట అతడు తన భార్యను గూర్చి కృతజ్ఞతతో కొన్ని మాటలు వ్రాసినాడు. ఆమె కరపత్రములను మడిచి కుట్టెడిది, దుకాణము చూచెడిది, కాగితము చేయువారికై పాతగుడ్డపేలికలను కొనెడిది. అతని కాలపట్టికలో భోజనమునకు వేళ యున్నది. ఆమె చేసిన పనులకు గడి లేదు.

మూడవది 1908లో ఆర్నాల్డు బెనెట్టు అను ఆంగ్ల రచయిత దినమునకు ఇరువదినాలుగు గంటలతో బ్రతుకుట యెట్లో చెప్పుచు వ్రాసిన చిన్న పుస్తకము. ధనికునకును దరిద్రునకును దినమున కన్ని గంటలే యని అందులోని మూలసూత్రము. ఉదయము పది మొదలు సాయంకాలము ఆరువరకు కచేరీలో పనిచేయు గుమాస్తాను ఎదుట పెట్టుకొని, అతనికి చదువుకొనుటకు వేళ లేదను మాటను ఆయన చక్కగా ఖండించినాడు. తెల్లవారుజామున లేవుమన్నాడు. అంత ప్రొద్దున టీ యెవరిత్తురని అడిగినచో, ముందునాటి రాత్రియే పళ్లెములో దీపపు పొయ్యి, గిన్నె, బిస్కత్తులు అమర్చి యుంచుమని పనిమనిషితో చెప్పుమన్నాడు. ఇరువదినాలుగు గంటలు అందరికి సమానమేయట! ఆ పళ్లెమును అమర్చిన చేతికిని ఇరువదినాలుగే. అందులో కొన్ని నిమిషములు ఈ చదువరి తెల్లవారుజామునకు చెల్లిపోయినవి.

ఈ మువ్వురిని నిందించుట నా యుద్దేశము కాదు. వారు చెప్పిన క్రమము నిజమైన క్రమమే. అయితే ఒకని కాలమునకు మాత్రమే లెక్క కట్టినప్పుడు, ఆ లెక్క ఎంత చక్కగా నున్నను సగము పుట మడిచి వ్రాసినదే యగును. మడిచిన సగమున ఏమున్నదో నాకు విప్పి చూపినది మా పాఠశాలలోని ఒక సహోపాధ్యాయిని.

ఆమె గణితము చెప్పును. ఒకనాడు విరామవేళ నా పద్దుపుస్తకమును చూచి, "బాగుంది మాస్టారూ! నేనూ ఇలాగే రాద్దామని రెండుసార్లు మొదలుపెట్టాను. కానీ నా పనులు రాయడానికి వీలైనవి కావు" అనెను.

"అదేమి? పని యన్నది వ్రాయుటకు వీలు కాకపోవుట యుండునా?" అని నేనంటిని.

"వారం రోజులు రాసి చూపిస్తాను, మీరే మొత్తం కట్టండి" అని ఆమె నవ్వి వెడలిపోయెను.

వారము గడచిన పిదప తెచ్చి యిచ్చెను. బడి పనులు అందులో నావంటివే. మిగిలిన పుటలను చదివితిని. పాలు కాచుట, ఇద్దరు పిల్లలకు భోజనపు డబ్బాలు సర్దుట, కుళాయినీరు వచ్చువేళకు మోటారు వేయుట, మామగారికి చక్కెరవ్యాధి మాత్ర భోజనమునకు ముందిచ్చుట, గ్యాసుబండ అయిపోకముందే చెప్పించుట, పెద్దవాని బడి రుసుము గడువు, చిన్నదాని చెప్పులు బిగుతైనవి, ఆడపడుచు ఇంట సీమంతమునకు పెట్టవలసిన చీర, రాత్రి పాలకు తోడు వేయుట, ఇడ్లీకి మినపపప్పు నానవేయుట.

ఈ కడపటిదానికి ఎదురుగా ఆమె "ఒక నిమిషము" అని వేసి, ప్రక్కన చిన్న అక్షరములతో ఇట్లు వ్రాసెను: "నానవేయుటకు ఒక నిమిషమే. గుర్తుంచుకొనుటకు దినమంతయు."

నేను మొత్తము కట్టలేకపోతిని. కూడిక రాక కాదు. ఆ రెండవ వాక్యమునకు ఏ అంకె వేయవలెనో తెలియలేదు. పప్పు నానవేయుట మఱచినచో మరునాటి ఉదయము ఇంటిల్లిపాదికి ఫలహారము లేదు. మఱవకుండుటకై ఆమె మనస్సులో ఒక మూల ఆ పప్పు సాయంకాలమునుండి కూర్చుండియే యుండును. త్రికోణముల పాఠము చెప్పుచున్నను అది లేచి పోదు. అట్టివి ఒకటి కాదు, పదికి పైగా. పనిచేయు చేతులను మనము చూచుచున్నాము. పనిని మోయుచున్న మనస్సును చూచుట లేదు. "నాకు చెప్పినచో చేసెదను గదా!" అని మగవారు మంచిమనస్సుతోనే యందురు. కాని చెప్పుటయు ఒక పనియే. చెప్పవలెనన్న ముందు గుర్తుండవలెను. ఆ గుర్తే అసలు బరువు.

ఇది ఒక యింటి కథ మాత్రమే యనువారికై దేశపు లెక్కను చూపెదను. భారతదేశమున ప్రజలు తమ కాలమును ఎట్లు వెచ్చించుచున్నారో జాతీయ గణాంక కార్యాలయము వారు 2019లో ఒకమారును, 2024లో ఒకమారును సర్వే చేసిరి. ఆరేండ్లు నిండినవారిలో, జీతము లేని ఇంటిపనులు చేయువారిని మాత్రమే తీసికొని చూడగా, 2019లో స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును ఆ పనులకు వెచ్చించిరి. 2024లో స్త్రీలు 289 నిమిషములు. పురుషులు 88 నిమిషములు. స్త్రీలకు పది నిమిషములు తగ్గినవని సంతసింపబోవునంతలో పురుషులకును తొమ్మిది తగ్గినవి. ఇరువురకు నడుమ వ్యత్యాసము 202 నిమిషములనుండి 201 నిమిషములకు దిగినది. అయిదేండ్లలో ఒక్క నిమిషము! అదియు, ఏదో కొంత యింటిపని చేయు పురుషుల సగటు. ఏమియు చేయనివారు ఈ లెక్కలోనికి రానేలేదు. 2019లో అట్టివారు పురుషులలో నూటికి డెబ్బదిముగ్గురికి పైగా నుండిరి.

ఇక మా యింటి సంగతి. మా యింటిలో మా తల్లిగారు, నా భార్య, ఇంటరు చదువు కుమారుడు, తొమ్మిదవ తరగతి కుమార్తె, నేను. నా భార్య పెండ్లినాటికి డిగ్రీ రెండవ సంవత్సరమున నుండెను. అది అక్కడ నిలిచిపోయినది. నిరుడు ఆమె సార్వత్రిక విశ్వవిద్యాలయమున మరల చేరెను. తరగతులకు ప్రతిదినము పోనక్కరలేని ఇట్టి చదువునకు మన దేశమున మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదుననే వెలసినదని పాఠకు లెరుగుదురు. పుస్తకములు ఇంటికి వచ్చినవి. వానిని తెరచుటకు వేళ మాత్రము రాలేదు.

జూనులో బడులు తెరచుటకు ముందొక రాత్రి ఆమె నాతో, "ఏమండీ! మీ పద్దుపుస్తకంలో నాకు రోజుకు రెండు గంటలు చూపించండి. ఎవరూ పిలవని రెండు గంటలు" అనెను.

ఎవరును పిలువని రెండు గంటలు! ఆమె సహాయ మడుగలేదు, జాలి యడుగలేదు, కాలము నడిగెను. మరునాడు అయిదుగురము కూర్చుండి మా యింటిలో జరుగు పనుల నన్నిటిని వ్రాసితిమి. నలుబదియొక్కటి తేలినవి. సహోపాధ్యాయిని నేర్పిన పాఠము జ్ఞాపకముంచుకొని నాలుగు నిలువు గడులు గీచితిని: పని, పట్టుకాలము, చేయువారు, గుర్తుంచుకొనువారు. మూడవ గడిలో అయిదుగురి పేర్లును అక్కడక్కడ నున్నవి. నాలుగవ గడిలో ముప్పదియారుచోట్ల ఒక్క పేరే వచ్చినది. మా అమ్మాయి ఆ గడిని పైనుండి క్రిందికి చదివి, "అమ్మ, అమ్మ, అమ్మ" అని ఊరకుండెను. ఎవరును మాటాడలేదు.

తరువాత జరిగినది త్యాగము కాదు, బేరము. మొదట మానదగిన పనులను చూచితిమి. పనిదినములలో రెండు కూరలు, పులుసు, పచ్చడి అను ఏర్పాటు ఒక కూర, ఒక పచ్చడిగా తగ్గెను. నా చొక్కాలకు గంజి మానెను. పిదప మార్చదగినవి. రాత్రి అన్నము వండుటయు, అంట్లు తోముటయు కుమారునకును నాకును దినము విడిచి దినము వచ్చినవి. గ్యాసు, కరెంటు, రుసుముల గడువులు కుమార్తెవి. మా తల్లిగారి మందులు నావి. మందులు నావి యనగా, ఇమ్మనినప్పుడు ఇచ్చుట కాదు. అవి అయిపోవుటకు నాలుగు దినముల ముందు తెలిసికొనుట, కొనుట, వేళకిచ్చుట, వైద్యుని యొద్దకు పోవలసిన తేదిని ఎరుగుట. చేయుటయు గుర్తుంచుకొనుటయు కలిసి ఒకరి చేతికి పోయిననే పని చేతులు మారినట్లు. లేనిచో అది కూలికి పోవుటయే. యజమానురాలి తలమీది బరువు అట్లే యుండును.

మా తల్లిగారికి ఈ యేర్పాటు రుచింపలేదు. ఆమెకు డెబ్బదిరెండేండ్లు. "మగపిల్లాడు అంట్లు తోమడమేమిట్రా? పొరుగువాళ్లు చూస్తే ఏమనుకుంటారు?" అనెను. నేను బదులు చెప్పబోవునంతలో నా భార్యయే, "అత్తయ్యగారూ! రేపు వాడు చదువుకోసం పై ఊరు వెళితే వాడి కంచం ఎవరు కడుగుతారు?" అనెను. మా తల్లిగా రొక నిమిషము ఆలోచించి, "సరే, నాకు ఎలాగూ రాత్రి నిద్ర పట్టదు. ఆ పప్పు నానబెట్టడం, పాలకు తోడు వేయడం నేను చూసుకుంటాను" అనెను. అంట్ల విషయమున మాత్రము నేటికిని ఆమె సమ్మతింపలేదు. బంధువులు వచ్చినప్పుడు మనుమని గిన్నెలయొద్దనుండి పిలిచివేయును. వారు పోయిన పిదప వాడు మరల పోయి తోమును. సంస్కరణమను పెద్దమాట యిండ్లలో ఇట్టి చిన్న రూపమున నడచును. రెండడుగులు ముందునకు, ఒక యడుగు వెనుకకు.

రెండు గంటలు ప్రతిదినమును దొరకినవా? లేదు. పెక్కుదినములు గంటన్నర దొరకినది. పదవ తరగతి పరీక్షల వేళ నాకు పని పెరిగి యేర్పాటు కొంత చెదరెను, మరల సర్దుకొంటిమి. ఆ సంవత్సరపు పరీక్షలను ఆమె వ్రాసెను. ఒక్క పత్రము తప్ప తక్కినవన్నియు గెలిచెను. ఆ మిగిలిన పత్రమునకు ఇప్పుడు చదువుచున్నది. ఆ గంటన్నరయు తలుపు మూసియుండును. ఎవరును పిలువరు.

దీనికి మూడు ఆక్షేపణలు విన్నాను. మొదటిది: "పొగ పొయ్యి పోయినది, రోలు పోయినది, గ్యాసును, మిక్సీయు, బట్టలుతుకు యంత్రమును వచ్చినవి. ఇంక ఆడువారికి పనియేమున్నది?" అని. యంత్రములు మేలు చేసినవనుట సత్యము. పొగలో కండ్లు కాల్చుకొనిన మా నాయనమ్మను చూచినవాడను; ఆ మేలును తక్కువ చేయను. కాని మిక్సీ రుబ్బునే కాని, నానవేయవలెనని గుర్తుచేయదు. యంత్రము చేతుల శ్రమను తగ్గించినది. నాలుగవ గడిని ముట్టలేదు.

రెండవది: "పనిమనిషిని పెట్టుకొన్నచో సరిపోవును గదా?" అని. శక్తి గలవారు తగిన జీతమిచ్చి పెట్టుకొనుటలో తప్పు లేదు. కాని ఆ వచ్చు ఆమెకును ఒక యిల్లున్నది; ఆ యింటను పప్పు నానవలసియున్నది. మన గుమ్మమునుండి ఆమె గుమ్మమునకు నెట్టినంతమాత్రమున బరువు మాయము కాదు.

మూడవది కొంచెము గంభీరమైనది: "ఇల్లనగా ప్రేమతో నడచునది. అందులో లెక్కలు వ్రాయుట యేమి? ఇది కచేరీయా?" అని. ఈ ప్రశ్న నడుగువారు తరచుగా ఆ ప్రేమవలన వండిన భోజనమును తినువారే కాని వండువారు కారని మొదట మనవి చేసికొందును. రెండవది, లెక్క వ్రాయుట వెల కట్టుట కాదు. వైద్యుడు నాడి చూచుట వెల కట్టుటకా? ఎచ్చట నొప్పియున్నదో తెలిసికొనుటకు. ఇంటికి దీపము ఇల్లాలని మన పెద్దలు సెలవిచ్చిరి. బాగుగనే యున్నది. ఆ దీపమునకు చమురు ఎంత పట్టుచున్నదో, ఎవరు పోయుచున్నారో చూడవద్దని మాత్రము వారు చెప్పలేదు.

కావున పనుల ఒత్తిడిచే బాధపడు సోదరులకు, సోదరీమణులకు నేను చెప్పదగినది కొంచెమే. పనులను ఒక్కచోట వ్రాయుడు. పట్టుకాలము వేయుడు. మొత్తము కట్టుడు. మొత్తము మీ గంటలను మించినచో వేగిరపడకుడు, తగ్గింపుడు. ఒక గంటను ఖాళీగా నుంచుడు. ఇంతవరకు కౌటిల్యుడును, ఫ్రాంక్లినును, బెనెట్టును మీకు తోడుందురు. పిదప వారు గీయని నాలుగవ గడిని మీరు గీయుడు. ఇంటిలోని ప్రతి పనికి ఎదురుగా దానిని ఎవరు గుర్తుంచుకొనుచున్నారో వ్రాయుడు. వ్రాసిన పిదప ఇంటివారందరును వినునట్లు ఆ గడిని పైనుండి క్రిందికి ఒక్కమారు బిగ్గరగా చదువుడు.

ఒక్క పేరే మరల మరల వినబడినచో, మీ యింట తీరిక లేనివా రెవరో మీకు తెలిసినట్లే. ఆ రాత్రియే ఆ గడిలో ఒక్క పేరైనను కొట్టివేసి మీ పేరు వ్రాసికొనుడు. పెద్ద పనియే కానక్కరలేదు. పప్పు నానవేయుటయైనను చాలును. అయితే మరునాడు మీకు ఎవరును గుర్తుచేయరాదు.